బోనెట్‌ను ఉల్టా తిప్పి చూస్తే

విక్టోరియా రాణి కాలపు దొరసానుల బొమ్మ కనిపిస్తే మన చూపు ముందు గౌను ఘేరు మీద పడుతుంది, తర్వాత బిగించిన నడుము మీద. తల మీది బోనెట్‌ను పూలూ రిబ్బన్ల లెక్కలో వేసి దాటిపోతాం. కుట్టుమిషను ముందు కూర్చునే అలవాటున్నవాళ్లు మాత్రం అక్కడ ఆగి ఒక మాట అడుగుతారు: అంత పల్చటి పట్టుగుడ్డ ముఖం చుట్టూ అలా గుండ్రంగా ఎట్లా నిలబడింది? గంజి పెట్టినంత మాత్రాన పట్టు అలా నిలవదు. రెండు పొరలు వేసినా వాలిపోతుంది. దాన్ని నిలబెట్టింది మరేదో ఉంది, అది బొమ్మలో కనబడటం లేదు.

1837 నుంచి 1901 దాకా సాగిన ఆ కాలపు తలతొడుగుల మీద రాతకు కొదవ లేదు. అయితే అందులో ఎక్కువ భాగం ఏ ఏడు ఏ ఆకారం వచ్చింది, ఏ రంగు రిబ్బను పోయింది అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. ఎలా కట్టారన్నది అడుగున పడిపోయింది. ఉన్న కాసిని వివరణల్లోనూ హుడ్‌నూ బోనెట్‌నూ ఒకే గాటన కట్టేయడంతో చిక్కు ఇంకా ముదిరింది. నా లెక్కలో అవి రెండు వేర్వేరు విద్యలు. హుడ్ దర్జీ పని. గుడ్డను కత్తిరించి, కుచ్చు పెట్టి, కుట్టి ఆకారం తెస్తారు. తల మీద నుంచి తీస్తే మడత పడిపోతుంది. బోనెట్‌కు ముందు ఒక గూడు కడతారు, ఆ తర్వాతే గుడ్డ తొడుగుతారు. తీసి బల్ల మీద పెట్టినా లోపల తల ఉన్నట్టే నిలబడి ఉంటుంది. ఈ రెండింటికీ నడుమ ఎటూ తేలని రకాలు కొన్ని ఉన్నాయి. అసలు పాఠం వాటి దగ్గరే దొరుకుతుంది, అందుకే ఇక్కడ వాటి మీదే ఎక్కువసేపు నిలబడతాను.

హైదరాబాదు ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. పటాలు గీసే విద్యలో తప్పించుకోలేని సంగతి ఒకటుంది: గుండ్రటి భూమిని చదును కాగితం మీద సాపుగా పరచలేం, ఎక్కడో సాగదీయాలి, ఎక్కడో కోయాలి. తలతొడుగు కుట్టేవాళ్ల చిక్కు కూడా ఇదే, కాకపోతే తిరగేసిన చిక్కు. చేతిలో ఉన్నది చదును గుడ్డ, కప్పాల్సింది గుండ్రటి తల. గుడ్డతో పోయే దారులు మూడే. ఎక్కువైన గుడ్డను కుచ్చులుగానో మడతలుగానో దగ్గరికి లాగొచ్చు. ముక్కలుగా కోసి, డాట్లు పెట్టి, వంపు కుట్లతో కలపొచ్చు. ఏటవాలుగా, దర్జీల మాటలో చెప్పాలంటే క్రాస్‌లో, కత్తిరించి సాగదీయొచ్చు. హుడ్‌లు ఈ మూడింటితోనే సరిపెట్టుకున్నాయి. బోనెట్లు నాలుగో దారి పట్టాయి. తల ఎలా ఉందన్నది పక్కన పెట్టి, తమకు కావలసిన ఆకారాన్ని తీగతోనో పేముతోనో కట్టి, దాన్ని తెచ్చి తల మీద నిలిపాయి.

మన వైపు తలగుడ్డలో కత్తెరకు పని తక్కువ. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రుమాలు నేసినప్పుడు చదరమే, తలకు చుట్టినప్పుడూ చదరమే. పాగా అంతే, కొంగు అంతే. కుట్టిన టోపీలు అసలే లేవని కాదు. లేపాక్షి గుడి కప్పు మీది చిత్రాల్లో మగవాళ్ల తలల మీద పొడుగాటి కుళ్లాయిలు ఉన్నాయి. కానీ ఆడవాళ్ల తల దగ్గరికి వచ్చేసరికి మన వాడుకంతా కోయని గుడ్డతోనే నడిచింది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర స్కూటీ తీసే ముందు అమ్మాయిలు చున్నీని నెత్తి మీదుగా తెచ్చి, ముఖానికి అడ్డంగా లాగి, వెనక ముడి వేసే తీరు చూడండి. కత్తెర తగలకుండానే అది కళ్లు మాత్రం వదిలేసిన హుడ్ అయిపోతుంది.

మన హుడ్ అని చూపించదగ్గది ఇంకొకటి ఉంది: కొప్పెర. వాన పడుతుంటే పొలంలో పనిచేసే ఆడవాళ్లూ మగవాళ్లూ గోనెసంచినో యూరియా బస్తానో తీసుకొని, అడుగున ఉన్న రెండు మూలల్లో ఒకదాన్ని రెండోదాని లోపలికి నెట్టేస్తారు. అంతే, కొప్పెర తయారు. నెత్తి మీద మొనదేలిన శిఖరం, వీపు మీదికి జారే రెండు పొరలు. కోత లేదు, కుట్టు లేదు. గొంగడితోనూ మూల మడిచి ఇదే పని చేస్తారు. గొంగడికి నేతలో చింతగింజల గంజి పట్టిస్తారు కాబట్టి అది బిరుసుగా ఉండి, మడత పెట్టిన చోట మడత నిలుస్తుంది. బిరుసుతనం ఎక్కణ్నుంచి తేవాలన్న ప్రశ్న బోనెట్‌కే కాదు, గొంగడికీ ఉందన్నమాట.

ఇంగ్లండులో అన్నిటికన్నా సులువైన హుడ్ కూడా ఈ లెక్కే. పొడుగాటి గుడ్డను సగానికి మడిచి, తల వెనక వచ్చే అంచును కుడితే చాలు, వేసుకోవచ్చు. చిక్కల్లా ఆ నెత్తి మీది మొనతోనే. పొలంలో మొన ఉంటే మంచిదే, నీళ్లు జారతాయి. విందుకో చర్చికో వెళ్లే ఆడమనిషికి మాత్రం అది కుదరదు, దువ్విన జుట్టు అణిగిపోతుంది, పైగా చూడ్డానికి బాగుండదు. అందుకని హుడ్ కుట్టేవాళ్లు వెనక వైపు గుర్రపు నాడా ఆకారంలో ఒక ముక్క కోసి, ముందు నుంచి వచ్చే గుడ్డను కుచ్చులు పెట్టి దాని చుట్టూ కుట్టారు. మొన పోయింది, తల వెనక గుండ్రటి జాగా దొరికింది. ఎన్ని హుడ్‌లు చూసినా ఆ నాడా ముక్కే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

ఈ సంగతులు తెలియడానికి మంచి ఆధారం 1838లో లండన్‌లో అచ్చైన ‘ది వర్క్‌వుమన్స్ గైడ్’. రాసినావిడ పేరు వేసుకోలేదు, ‘ఒక లేడీ’ అని మాత్రం ఉంటుంది. టోపీలు, బోనెట్లు, హుడ్‌లు, పేదలకు కుట్టి పంచే బట్టలు అన్నిటికీ కొలతలు ఇచ్చి, గీతల పటాలు జోడించారు. కొలత అంగుళాల్లో ఉండదు, ‘నెయిల్’ లెక్కలో ఉంటుంది. గజంలో పదహారో వంతు, అంటే రెండుంబావు అంగుళాలు. ఇప్పటి ఇంగ్లీషు పాఠకులకు ఇది తెలియక తికమకపడతారు కానీ, మన పాత బట్టల కొట్ల లెక్క వచ్చినవాళ్లకు ఇబ్బంది లేదు. గజానికి పదహారు గిరహ్‌లన్న లెక్క సరిగ్గా ఇదే. ఆ పుస్తకంలోని హుడ్ కొలతల్ని గిరహ్‌లుగా చదువుకుంటూ పోతే మార్చాల్సిన పనే లేదు.

చలికాలపు హుడ్‌లలో పైన పట్టు, లోపల అస్తరు, నడుమ ఉన్నిగానీ దూదిగానీ పరిచి కుట్టేవారు. కుట్టు గళ్లుగానో వంకర గీతలుగానో నడుస్తుంది. వెచ్చదనం కోసం ఆ కుట్టు అని అందరూ రాస్తారు. నిజమే, కానీ దానికి ఇంకో పని కూడా ఉంది. బొంత కుట్టిన మన ఇళ్ల ఆడవాళ్లకు తెలుసు, దగ్గరదగ్గరగా కుట్టు వేస్తే మెత్తటి పాత చీరలు కూడా కలిసి బిర్రుగా తయారవుతాయి. హుడ్ ముందంచు ముఖం మీద పడిపోకుండా ఆపేది ఆ కుట్టే. తీగ లేదు, అట్ట లేదు. గుడ్డ తన బిగువు తానే తెచ్చుకుంది.

ఇంత దూరం వెళ్లకుండానే ఈ నిర్మాణాన్ని చేతిలో పట్టుకు చూడొచ్చు. నాచారంలోనో హబ్సిగూడలోనో ఏ పిల్లల బట్టల కొట్టుకైనా వెళ్లి, బారసాలకు కొనే జుబ్బా జతలో వచ్చే బొందుల టోపీ తీసుకొని ఉల్టా తిప్పండి. నుదుటి నుంచి మెడ దాకా ఒక పట్టీ, చెవుల మీదికి చెరో ముక్క. లేదా ముందు ఒక పట్టీ, వెనక గుండ్రటి బిళ్ల, దాని చుట్టూ కుచ్చు. గడ్డం కింద రెండు బొందులు, ముఖం చుట్టూ ఒక ఫ్రిల్. ఇంగ్లండులో పెద్దవాళ్ల తలల మీద నుంచి బోనెట్ పోయి నూరేళ్లు దాటినా, ఆ కత్తిరింపు పసిపిల్లల దగ్గర బతికే ఉంది. మన దగ్గర ఆ టోపీని ఎవరూ పరాయిదనుకోరు.

ఇక నడిమి రకాలు. ఎండలో పనిచేసే పల్లెటూరి ఆడవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో వలస వెళ్లి వ్యవసాయం చేసుకున్నవాళ్లు, సన్‌బోనెట్ పెట్టుకునేవారు. నూలుగుడ్డ. ముఖానికి రెండువైపులా కళ్లెం గంతల్లా ముందుకు పొడుచుకొచ్చే చూరు, మెడ మీదికి వేలాడే తెర. చూరును నిలబెట్టడానికి రెండు పద్ధతులు వాడారు. ఒకదాంట్లో రెండు పొరల గుడ్డ మధ్య సన్నటి గదులు కుట్టి, ఒక్కో గదిలోకి అట్టముక్కో పల్చటి చెక్కముక్కో దూర్చేవారు. ఉతికేటప్పుడు అవన్నీ లాగేసి, ఆరాక మళ్లీ దూర్చుకోవడమే. రెండోదాంట్లో పొరల మధ్య నూలు తాళ్లు వరసగా పెట్టి, తాడుకూ తాడుకూ మధ్య కుట్టేసేవారు. తాళ్లు పక్కపక్కనే ఒరుసుకొని ఉండటంతో గుడ్డ ఒక దిక్కున వంగుతుంది, ఇంకో దిక్కున వంగనని మొరాయిస్తుంది. పైన గంజి పెడితే ఇక చెప్పక్కర్లేదు.

జాకెట్టు మెడకు తాడు పైపింగ్ వేసే దర్జీకి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. క్రాస్ పట్టీ మధ్యలో తాడు పెట్టి, సింగిల్ ఫుట్‌తో తాడును ఆనుకొని కుట్టు నడిపితే ఆ మెడ అంచు వేలాడకుండా గీసినట్టు నిలబడుతుంది. తాడు బోనెట్ అంటే ఆ పైపింగే, ఒక వరస బదులు చూరంతా వరసలు.

ఈ సన్‌బోనెట్లలో నాకు అన్నిటికన్నా తెలివైన పని అనిపించేది తల వెనక వైపు. అక్కడి కుచ్చును శాశ్వతంగా కుట్టెయ్యకుండా నాడాతోనో, లోపలి బొందులతోనో, గుండీలతోనో పట్టి ఉంచేవారు. విప్పితే మొత్తం చదునుగా పరుచుకుంటుంది, ఇస్త్రీ పెట్టె సాపుగా పోతుంది. మళ్లీ లాగి కడితే తల. ఉతకాల్సిన తలతొడుగు చదును కాగలగాలి, ఉతకనక్కర్లేనిది కానక్కర్లేదు అనే సూత్రం ఇక్కడ తేటతెల్లంగా ఉంది. మన ఆసుపత్రుల్లో మొన్నమొన్నటి దాకా నర్సులు పెట్టుకున్న తెల్లటోపీ ఈ తెగదే. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చదును ముక్క, ముందు మడత, వెనక కుచ్చిళ్లు, ఒకటి రెండు పిన్నులు. చాకలికి వేసేటప్పుడు పిన్ను తీస్తే మళ్లీ జేబురుమాలంత చదును.

ఇంకో అడుగు ముందుకేస్తే పేము వస్తుంది. 1770ల నాటి కలాష్ అనే పెద్ద హుడ్‌లో పట్టుగుడ్డకు అడ్డంగా గొట్టాలు కుట్టి, వాటిలో పేము బద్దలో తిమింగలం నోటి ఎముక బద్దలో దూర్చేవారు. జట్కాబండి టాపులా వెనక్కి మడతపడుతుంది, ముందు అంచుకు కట్టిన రిబ్బను పట్టి లాగితే ముఖం మీదికి వస్తుంది. ఎత్తైన జుట్టు ముడి నలగకుండా పుట్టిన వస్తువు అది. విక్టోరియా పట్టానికి వచ్చేనాటికి అది ముసలివాళ్ల సరుకు; ఎలిజబెత్ గాస్కెల్ నవల ‘క్రాన్‌ఫర్డ్’లో ఆ ఊరి పాతకాలపు ఆడవాళ్లు టోపీల మీద కలాష్ వేసుకొని విందులకు వెళతారు. 1840ల చివర్లో దీని సగం ముక్క వేరే రూపంలో మళ్లీ వచ్చింది. బోనెట్ ముందంచుకు తగిలించుకునే నీలంరంగు పట్టు నీడ, మూడు నాలుగు పేము బద్దలతో. దానికి జనం పెట్టిన పేరు ‘అగ్లీ’, అనాకారిది. పెట్టుకున్నవాళ్లే అలా పిలిచారు.

1830ల నుంచి 1850ల దాకా బాగా నడిచిన ‘డ్రాన్ బోనెట్’ ఈ వరసలో కీలకం. చూరంత వెడల్పున్న పొడుగాటి పట్టుముక్క తీసుకొని, దానికి వరసగా సన్నటి గొట్టాలు కుట్టి, వాటిలో పేమో తీగో ఎక్కించి, గుడ్డను దాని మీదికి కుచ్చులుగా తోసేవారు. గుడ్డ కొలత బద్ద కొలతకు రెండింతలు, ఇంకా పైన. బద్ద వంపు తిరిగితే కుచ్చు దాని వెంటే తిరుగుతుంది. కుచ్చు చూసి ఇది హుడ్ అంటారు కొందరు, బద్ద చూసి బోనెట్ అంటారు మరికొందరు. నన్నడిగితే ఇది గూడు మొదటిసారి గుడ్డతో కలిసి పనిచేసిన చోటు. ఇక్కడ గుడ్డ తీసేస్తే బద్దలు విడివిడిగా రాలిపోతాయి, బద్దలు తీసేస్తే గుడ్డ కుప్పగా పడిపోతుంది.

అసలు బోనెట్‌లో ఆ సాయం ఒక వైపే. గుడ్డ మొత్తం ఊడదీసినా ఆకారం చెక్కుచెదరదు. దాన్ని ఎలా కట్టేవారో కాస్త నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే తప్పులన్నీ జరిగేది ఇక్కడే.

ముందు కాగితం మీద ముక్కలు గీస్తారు: ముఖం చుట్టూ వచ్చే చూరు, తల వెనక బుర్ర, కొన్నిటికి ఆ రెండింటినీ కలిపే పక్కపట్టీ. వాటిని బక్రంలోగానీ బిరుసు నెట్‌లోగానీ కోస్తారు. అప్పటి బక్రం అంటే జిగురో గంజో పట్టించిన ముతక గుడ్డ. తడిపి కొయ్య దిమ్మ మీద పరిచి ఆరనిస్తే దిమ్మ ఆకారం పట్టేది. కొన్ని బుర్రల్ని అలా దిమ్మ మీద దింపారు, కొన్నిటిని ముక్కలు కలిపి కుట్టారు. అంచుల వెంట నూలు చుట్టిన తీగ పెట్టి, దాన్ని కాజా కుట్టు లాంటి చుట్టుకుట్టుతో బక్రానికి పట్టిస్తారు. తీగ రెండు కొసలూ కలిసే చోట ఒకదాని మీద ఒకటి రెండు అంగుళాలు ఎక్కించి దారంతో బిగించాలి. కొసకు కొస ఆనించి వదిలేస్తే నాలుగు రోజుల్లో తీగ పట్టును పొడుచుకొని బయటికి వస్తుంది. ఈ కలిసే చోటును చూరు ముందు ఉంచరు, వెనక్కి, మెడ తెర కప్పే చోటికి తోస్తారు.

బక్రం మీద నేరుగా పట్టు వేస్తే తీగ గీతలూ ముతక గళ్లూ పైకి తేలతాయి. అందుకని నడుమ పల్చటి మల్లుగుడ్డ ఒక పొర వేస్తారు. పైనుంచి చూసేవాడికి ఆ పొర ఎప్పటికీ తెలియదు, కానీ అది లేని బోనెట్‌ను చూడగానే ఏదో చవకబారుగా ఉందనిపిస్తుంది. ఆ తర్వాత పట్టు. అంటించరు, కుట్లన్నీ అంచుల దగ్గరే, నడుమ గుడ్డ స్వేచ్ఛగా బిగువుగా కూర్చుంటుంది. చూరు అంచుకు క్రాస్ పట్టీ గోటు. వెనక మెడ మీదికి తెర. దీన్నీ క్రాస్‌లోనే కోసి, లోపల బిరుసు నెట్ పెడతారు. అప్పుడే కుచ్చు కిందికి జారకుండా విచ్చుకొని నిలుస్తుంది. బుర్ర లోపల అస్తరు పైకి కుట్టేయకుండా, నాడా పెట్టి సంచి మూతిలా దగ్గరికి లాగుతారు. తలకు తగిలే జాగా కాబట్టి మాసినప్పుడు విప్పి మార్చుకునేందుకు వీలు. ముఖానికి ఆనుకొని లోపల వచ్చే నెట్ ఫ్రిల్, పూలు, ఆఖరున గడ్డం కింది రిబ్బన్లు.

ఈ పనంతా చేసేవాళ్లు దర్జీలు కాదు, మిలినర్లు. సూది ఒకటే అయినా చేతివాటం వేరు. దర్జీ గుడ్డ ఎటు పడుతుందో చూసుకుంటూ కుడతాడు. మిలినర్ వేసే కుట్లలో సగం గుడ్డ కోసం కావు, తీగను కదలనీయకుండా ఉంచడం కోసం.

గడ్డి బోనెట్ల సంగతి క్లుప్తంగా. ఇటలీలో లివోర్నో రేవు నుంచి వచ్చే టస్కనీ గడ్డి సన్నటిది, ఖరీదైనది. ఇంగ్లండులో లూటన్, డన్‌స్టబుల్ ఊళ్లు ఆ జడపని మీదే పెరిగాయి. గోధుమగడ్డి జడను బుర్ర నడిమి నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిప్పుతూ ఒక వరస మీద ఒక వరస ఎక్కించి కుడతారు. జిగురునీళ్లు పట్టించి దిమ్మ మీద ఆకారం తెస్తారు. ఇక్కడ గూడూ గుడ్డా ఒకటే, అంచుకు మాత్రం తీగ వేస్తారు. చాప అల్లే చేతులకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఏమీ ఉండదు.

ఇవన్నీ మనకు ఎలా తెలిశాయన్నది విడిగా చూడాల్సిన విషయం. ఆధారాలన్నిటికీ ఒకే విలువ ఇవ్వడం వల్లే ఈ రంగంలో పొరపాట్లు పేరుకుపోయాయని నా అనుమానం. ఫిలడెల్ఫియాలో 1830లో మొదలైన ‘గోడీస్ లేడీస్ బుక్’, లండన్‌లో శామ్యూల్ బీటన్ 1852లో మొదలుపెట్టిన ‘ఇంగ్లిష్‌వుమన్స్ డొమెస్టిక్ మ్యాగజీన్’ లాంటి పత్రికల రంగుబొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ గీసినవాడికి ఆ బోనెట్ నిలబడాలన్న బాధ్యత లేదు. మెడ లేనంత సన్నటి మెడ, పాదాలు లేనంత చిన్న పాదాలు గీసినవాడే బోనెట్టూ గీశాడు. ఏం ఫ్యాషన్ అన్నదానికి ఆ బొమ్మలు సాక్ష్యం, ఎలా కట్టారన్నదానికి కావు. పక్క పేజీలో వచ్చే మాటల వర్ణన వాటికన్నా నయం.

మ్యూజియంలో మిగిలిన వస్తువే నిజమైన సాక్షి, దాన్ని కూడా ఉల్టా తిప్పి చూడనిస్తే. గాజుపెట్టెలో ముఖం మనవైపు పెట్టి దీపం వేస్తే, లోపలి కుట్టు చీకట్లోనే ఉండిపోతుంది. ఆ సాక్షికీ పక్షపాతం ఉంది. పెళ్లి బోనెట్‌ను పెట్టెలో దాచారు, పొలం బోనెట్ చిరిగేదాకా వాడి మసిగుడ్డ చేశారు. అందుకే లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం లాంటి చోట్ల పట్టు బోనెట్ల పాలు నిజజీవితంలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. పైగా బోనెట్‌ను ఏటేటా కొత్త రిబ్బన్లు, కొత్త పూలతో తిరిగి అలంకరించడం ఆ ఇళ్లలో మామూలు. గూడు 1850లదీ, రిబ్బను 1860లదీ కావడం అరుదేం కాదు. రిబ్బను చూసి కాలం చెబితే బోల్తాపడతాం. 19వ శతాబ్దం ఆఖరి దశాబ్దాల పట్టుకు ఇంకో జబ్బు: బరువు పెరగడానికి లోహపు లవణాలు ఎక్కించడం వల్ల అది మడతల వెంట పగిలిపోతోంది. మ్యూజియం వాళ్లకు అది తలనొప్పే, కానీ ఆ చీలికల్లోంచే కింది మల్లుగుడ్డ, తీగ బయటపడ్డాయి.

హైదరాబాదుకు ఈ సాక్ష్యంలో చిన్న వాటా ఉంది. ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం జెనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ-లెవిక్ అనే దొరసాని చేతిలో పెట్టాడు. కంటోన్మెంటు దొరల విందులు, విహారాలు ఆయన కెమెరాలో పడ్డాయి. వాటిలో దొరసానుల తలలు వరసగా కనిపిస్తాయి. అప్పటికి బోనెట్ కాలం దాటుతోంది, పడుచువాళ్లు హ్యాట్ల వైపు తిరిగారు. ఆ ఫొటోల్ని చూసి రంగులు ఊహించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అప్పటి ప్లేట్లకు ఎరుపు సరిగా పట్టేది కాదు. ముదురు ఎరుపు రిబ్బను నల్లగా, నీలం రిబ్బను దాదాపు తెల్లగా పడుతుంది. శోకవస్త్రం అనుకున్నది పండగ రిబ్బను కావచ్చు.

ఈ ఎండలో పట్టు బోనెట్ పెద్దగా అక్కరకు రాలేదు. దాని జాగాలోకి సోలా టోపీ వచ్చింది. మనకు జీలుగు బెండుగా తెలిసిన సరుకే అది. బెండును పల్చటి పొరలుగా చెక్కి, అచ్చు మీద ఒకదాని మీద ఒకటి అంటించి, పైన గుడ్డ కప్పుతారు. గూడు ముందు, గుడ్డ తర్వాత అనే బోనెట్ సూత్రమే ఇక్కడా ఉంది, తీగ బదులు బెండు, సూది బదులు జిగురు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ కథ ఇంకో దారి. వాళ్ల ఆడవాళ్లకు ఇంగ్లండులో 1880లో నల్లగడ్డి బోనెట్ యూనిఫాం అయింది. వీధుల్లో ప్రార్థనలు చేస్తుంటే అల్లరిమూకలు విసిరే వాటికి తట్టుకునేలా పెద్ద చూరుతో, చవగ్గా తయారుచేశారు. 1882లో ఫ్రెడరిక్ టక్కర్ బృందం బొంబాయిలో దిగాక ఇక్కడి వేషం కట్టింది, ఆడవాళ్లు చీరలోకి మారారు. తర్వాత స్టూవర్టుపురం సెటిల్‌మెంటును నడిపిన ఆ సంస్థ తెలుగు నేలకు బోనెట్‌తో కాకుండా కొంగుతోనే వచ్చింది.

మన ఆడవాళ్లకూ ఆ కాలపు కుట్టు అంటకపోలేదు. బుట్టచేతుల జాకెట్టు అక్కణ్నుంచి వచ్చిందే, భుజం దగ్గర పెట్టే కుచ్చు బోనెట్ బుర్రకు పెట్టే కుచ్చుతో సమానం. ఆ ఫ్యాషన్ భుజం దాకా వచ్చి ఆగిపోయింది, నెత్తి మీదికి ఎక్కలేదు. ఎక్కడానికి అక్కడ ఖాళీ లేదు. జడలో పూలున్నాయి, అవసరమైతే కప్పుకోవడానికి కొంగు ఉంది.

గూడు కట్టి తల మీద పెట్టే పని మన దగ్గర వేరే చోట బతికింది. నాచారంలో ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియోలో తీసిన ‘దానవీరశూరకర్ణ’ 1977 సంక్రాంతికి వచ్చింది. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు, ముగ్గురూ ఆయనే. కాబట్టి కిరీటాలే మనిషిని గుర్తుపట్టించాలి. నాటకాలకూ పౌరాణిక సినిమాలకూ కిరీటాలు కట్టేవాళ్లు అట్ట, తీగ, గుడ్డ, జిగురు వాడతారు. నటుడు తల విదిలించినా ఊడకూడదు, గంటలకొద్దీ మోసినా నొసలు నొప్పి పెట్టకూడదు. బరువు ఎక్కడ ఆనాలి, తీగ కొస ఎటు తిప్పాలి, లోపల ఏ మెత్తటి గుడ్డ వేయాలి అన్న ఆలోచన మిలినర్‌ది కూడా. విక్టోరియా బోనెట్ కావాల్సివస్తే నేనైతే జాకెట్లు కుట్టే దర్జీ దగ్గరికన్నా ముందు కిరీటాలు కట్టేవాళ్ల దగ్గరికే వెళ్తాను. సినిమాల్లో దొరసాని పాత్రలకు పెట్టే బోనెట్లు తేలిపోవడానికి కారణం అలంకారం తక్కువై కాదు. బజారు హ్యాట్ చూరును వంచి రిబ్బను కట్టేస్తారు, అసలు బోనెట్‌లో చూరు, బుర్ర వేర్వేరు కోణాల్లో కలుస్తాయన్నది వదిలేస్తారు.

కట్టి చూడాలనుకునేవాళ్లకు సరుకు ఉప్పల్ దాటకుండానే దొరుకుతుంది. మ్యాచింగ్ సెంటర్లో బక్రం ఉంటుంది, లెహంగాల కింద వేసే క్యాన్‌క్యాన్ నెట్ ఉంటుంది. మెడ తెర లోపలికి ఆ నెట్ చక్కగా సరిపోతుంది. పేము బద్దలు బుట్టలల్లే మేదరుల దగ్గర అడగొచ్చు. ఇస్త్రీతో అంటుకునే పేస్టింగ్ కాన్వాస్ మాత్రం వద్దు. వంపు మీద అది బుడగలు లేస్తుంది, పట్టు గుడ్డకు ఉండాల్సిన ఊపిరి పోతుంది. మొదట నాడా ముక్క హుడ్, తర్వాత తాడు సన్‌బోనెట్, ఆ తర్వాత డ్రాన్ బోనెట్ కుట్టి, బక్రం పని ఆఖరుకు పెట్టుకుంటే చేతికి ఒక్కో విద్యా విడిగా అబ్బుతుంది. తిరిగి కట్టినంత మాత్రాన చరిత్ర రుజువు కాదు, ఒకే ఆకారానికి రెండు దారులు ఉండొచ్చు. కానీ ఏ దారి నడవదో మాత్రం బల్ల మీదే తేలిపోతుంది.

కొలత తీసేటప్పుడు ఒక జాగ్రత్త. 1830లలో జుట్టు నడినెత్తిన ముడి వేసేవారు, బోనెట్ బుర్ర దానికోసం ఎత్తుగా లేచింది. 1840లలో జుట్టు చెవుల మీదికి దిగింది, బోనెట్టూ దిగి ముఖాన్ని కమ్ముకుంది. 1860ల తొలి ఏళ్లలో చూరు నుదుటి మీద చెంచాలా పైకి లేచి, లోపలంతా పూలతో నిండింది. ఆ దశాబ్దం నడుమ వెనక కొప్పు పెద్దదై పైకి పాకేసరికి మెడ తెరకు చోటు లేక ఊడిపోయింది, బోనెట్ అరచేయంత ముక్కై కొప్పుకు ముందు ఆనుకుంది. అందుచేత జడ వేసుకున్న తలకు టేపు చుట్టి 1860ల బోనెట్ కడితే అది వెనక్కి జారుతుంది, ఎన్ని పిన్నులు పెట్టినా నిలవదు. ముందు ఆ కాలపు కొప్పు పెట్టించి, దాని మీదుగానే టేపు తిప్పాలి.